కొవ్వు తగ్గించాము, రక్తమూ తగ్గింది: ఖనిజ లవణాలు ఏ దారిన అందుకోవాలి?

ప్రశ్న: ఓరుగల్లు గృహిణి

అందరికీ నమస్కారం. మా ఇంట్లో మా వారు, నేను, పదిహేనేళ్ల అమ్మాయి, డెబ్బై నాలుగేళ్ల అత్తయ్య గారు, మొత్తం నలుగురం ఉంటాము. నా వయసు 44. కిందటి దసరా తరువాత చేయించిన రక్త పరీక్షలో మా వారికి చెడు కొలెస్ట్రాల్ 168 ఉన్నట్లు తేలింది. డాక్టర్ గారు మాత్రలు రాసి, నూనె, వేపుళ్లు, వేటమాంసం బాగా తగ్గించమని చెప్పారు. ఒకే ఇంట్లో రెండు రకాల వంటలు సాగవు కాబట్టి ఆ నియమాన్ని నేను ఇంటిల్లిపాదికీ పెట్టాను. కొవ్వు ఉంటుందని విన్న ప్రతి వస్తువునూ వంటింట్లోంచి తీసేశాను. పాలు, పెరుగు మానేశాము. గుడ్లు, చేపలు మానేశాము. పల్లీల డబ్బా, నువ్వుల డబ్బా ఖాళీ అయిన తరువాత మళ్లీ నింపలేదు. ఉదయం ఇడ్లీ తినగానే పాల టీకి బదులు డికాషన్ తాగుతున్నాము. మధ్యాహ్నం తెల్లటి అన్నం, దాదాపు రోజూ పాలకూర పప్పు, చారు. రాత్రికి రెండు పుల్కాలు, ఉడికించిన కూర.

ఎనిమిది నెలలు గడిచాయి. మా వారి కొలెస్ట్రాల్ తగ్గింది, అందుకు సంతోషమే. కానీ నా హిమోగ్లోబిన్ 11.4 నుంచి 9.8కి పడిపోయింది. రాత్రిళ్లు పిక్కలు పట్టేసి నిద్ర లేస్తున్నాను. అత్తయ్య గారికి ఎముకలు పలచబడ్డాయని చెప్పి కాల్షియం మాత్రలు ఇచ్చారు. అమ్మాయి బడి నుంచి రాగానే మంచం మీద వాలిపోతోంది. రోజూ ఆకుకూర పెడుతున్నా ఇలా ఎందుకు జరిగిందో నాకు అర్థం కావడం లేదు. కాల్షియం కావాలంటే పాలు, నువ్వులు అంటారు. ఇనుము, జింకు కావాలంటే మాంసం అంటారు. వాటన్నిటిలోనూ కొవ్వు ఉంది. మా వారి గుండెకు ముప్పు రాకుండా, మిగిలిన ముగ్గురికీ ఖనిజ లవణాలు అందేలా వండే మార్గం ఏదైనా ఉంటే దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు 1: పోషకాహార పాఠాలు

అమ్మా, నేను డిగ్రీ కళాశాలలో పోషకాహార శాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. వైద్యుణ్ణి కాను కాబట్టి మొదటి మాట ముందే చెబుతాను. 9.8 హిమోగ్లోబిన్‌ను తిండితో మాత్రమే సరిచేసుకోవాలని కూర్చోకండి. మీ వయసులో నెలసరి రక్తస్రావం ఎక్కువగా ఉండటం కూడా పెద్ద కారణం కావచ్చు. డాక్టర్ గారి చేత, ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ పరీక్ష రాయించుకోండి, వారు ఇనుము మాత్రలు ఇస్తే మానకుండా వేసుకోండి. ఖాళీ అయిన నిల్వను మాత్ర నింపుతుంది, నిండిన తరువాత అది తరగకుండా తిండి కాపాడుతుంది. పిక్కలు పట్టేయడానికి మెగ్నీషియం లోపమే కారణమని కూడా దూరం నుంచి నిర్ధారించలేము. అదే పరీక్షలతో పాటు దాన్ని కూడా అడగండి.

ఇక వంటింటి విషయానికి వస్తాను. కొవ్వూ ఖనిజాలూ ఒకే మూటలో వస్తాయని మీరు అనుకున్నారు. చాలా పదార్థాల్లో అది నిజం కాదు. పాలనే చూడండి. పాలలోని కాల్షియం మీగడలో ఉండదు, వెన్న తీసేశాక మిగిలే భాగంలో, అంటే నీరూ మాంసకృత్తులూ ఉండే భాగంలో ఉంటుంది. నెయ్యిలో కాల్షియం దాదాపు లేనట్లే. పాల ప్యాకెట్ల మీద రాసి ఉండే అంకెలను ఒకసారి పరిశీలించండి: ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం కొవ్వు, టోన్డ్ పాలలో 3, డబుల్ టోన్డ్ పాలలో 1.5 శాతం ఉండాలన్నది నియమం. అర లీటరు ఫుల్ క్రీమ్ పాలతో సుమారు 30 గ్రాముల కొవ్వు వస్తే, అర లీటరు డబుల్ టోన్డ్ పాలతో ఏడున్నర గ్రాములే వస్తుంది. కాల్షియం మాత్రం రెండింటిలోనూ ఇంచుమించు 600 మిల్లీగ్రాములు. గేదె పాలు వాడే ఇంట్లోనైతే కాచి చల్లార్చి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, పైన అట్టలా కట్టిన మీగడను పూర్తిగా తీసేసి తోడు పెట్టుకోవచ్చు. అప్పుడు కొవ్వు చాలా వరకు పోతుంది, కాల్షియం పోదు. పాలు మానడం వల్ల మీ ఇంట్లో కొవ్వు కన్నా కాల్షియమే ఎక్కువ పోయింది.

మీరు అంతగా నమ్ముకున్న పాలకూర గురించి కూడా చెప్పాలి. మీ శ్రద్ధలో లోపం లేదు, ఎంచుకున్న ఆకులోనే ఉంది. పాలకూరలో ఆక్సలేట్లు ఎక్కువ. అవి కాల్షియంతో గట్టిగా బంధం వేసుకుంటాయి కాబట్టి అందులోని కాల్షియంలో ఇరవయ్యో వంతు మాత్రమే ఒంటపడుతుంది. పాలలోనిదైతే దాదాపు మూడో వంతు ఒంటపడుతుంది. తోటకూర, గోంగూరల్లోనూ ఆక్సలేట్లు ఉన్నాయి. వాటిని మానమని చెప్పడం లేదు, వాటి వల్ల వేరే ప్రయోజనాలున్నాయి. కానీ కాల్షియం కోసమైతే మునగాకు, మెంతికూర మేలు. వంద గ్రాముల మునగాకులో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం, 4 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఉంటాయి, కొవ్వు లెక్కలోకి రానంత తక్కువ.

ఇనుము విషయంలో మీ ప్రశ్నలోనే ఒక వాక్యం నన్ను ఆపింది. ఇడ్లీ తినగానే డికాషన్ తాగుతున్నామని రాశారు. టీలోని టానిన్లు శాకాహారంలోని ఇనుమును పట్టుకుని పేగులోకి పోనివ్వవు. పాలు మానేసి చిక్కటి డికాషన్‌కు మారడం, అదీ భోజనాన్ని ఆనుకుని తాగడం, ఉన్న కాస్త ఇనుమును కూడా దూరం చేసి ఉంటుంది. టీకీ భోజనానికీ మధ్య కనీసం గంట ఎడం పెట్టండి. దానికి తోడు పప్పు పొయ్యి మీద నుంచి దించిన తరువాత నిమ్మరసం పిండండి, లేదా భోజనంతో ఒక జామపండు, ఒక ఉసిరికాయ తినండి. విటమిన్ సి వేడికి చెడిపోతుంది కాబట్టి దించిన తరువాతే పిండాలి. శాకాహారంలోని ఇనుము ఒంటపట్టేలా చేయడానికి ఇంతకన్నా చవకైన ఉపాయం నాకు తెలియదు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన పట్టిక ప్రకారం మీ వయసు స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము, మీ వారికి 19 మిల్లీగ్రాములు కావాలి. కాల్షియం ఇద్దరికీ 1000 మిల్లీగ్రాములు, అత్తయ్య గారికి 1200. ఒకే కంచంలోని తిండి మీ వారికి సరిపోయి మీకు చాలకపోవడంలో వింతేమీ లేదని ఈ అంకెలే చెబుతున్నాయి.

నువ్వుల విషయంలో మీరు భయపడినందుకు కారణం ఉంది: వంద గ్రాముల నువ్వుల్లో 43 గ్రాముల దాకా కొవ్వు ఉంటుంది. కానీ ఎవరూ వంద గ్రాములు తినరు. పొట్టు తీయని నువ్వులు వేయించి దంచిన పొడి ఒక పెద్ద చెంచా, అంటే పది గ్రాములు అనుకుందాం. అందులో నాలుగు గ్రాముల పైచిలుకు కొవ్వు ఉంటుంది, 120 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. ఒక టీ చెంచా వంట నూనెలోనూ నాలుగున్నర గ్రాముల కొవ్వే ఉంటుంది, కానీ కాల్షియం, ఇనుము, జింకు ఏవీ ఉండవు. కాబట్టి కూరలో ఒక టీ చెంచా నూనె తగ్గించి, ఆ స్థానంలో ఒక పెద్ద చెంచా నువ్వుల పొడి చల్లితే మీ వారి కొవ్వు లెక్క మారదు. పల్లీలకూ ఇదే సూత్రం. పైగా వీటిలోని కొవ్వు ఎక్కువ భాగం అసంతృప్తమైనది, అంటే చెడు కొలెస్ట్రాల్‌ను పెంచని రకం. కొలెస్ట్రాల్‌ను పెంచేది వనస్పతి, పామాయిల్, మీగడ, వెన్న, వేటమాంసం మీది కొవ్వు. అసలు కొవ్వే లేకుండా వండటం కూడా తప్పే. విటమిన్ డి, ఆకుకూరల్లోని కెరోటిన్ ఒంటపట్టాలంటే కొంచెం నూనె తప్పనిసరి; విటమిన్ డి లేకపోతే తిన్న కాల్షియం కూడా వృథా అవుతుంది. పోపులో మనిషికి ఒక చెంచా నూనె వేయడానికి జంకకండి.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే, పొటాషియం, ఫాస్ఫరస్ ఎక్కువగా ఉండే పప్పులు, గింజలు పెంచే ముందు తప్పక తమ వైద్యుణ్ణి అడగాలి. పైన చెప్పినవి వారికి వర్తించవు.

జవాబు 2: సీమ సంగటి

అక్కా, మాది అనంతపురం జిల్లా. మాస్టారు గారు శాస్త్రం చెప్పారు, నేను వంట చెబుతాను. మీ కంచంలో నాకు వెలితిగా కనిపించినవి రెండు: రాగులు, ఉలవలు.

వంద గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉందని జాతీయ పోషకాహార సంస్థ వారి 2017 నాటి పోషక విలువల పట్టికలో ఉంది, కొవ్వు రెండు గ్రాములు కూడా లేదు. అదే వంద గ్రాముల పాలిష్ పట్టిన బియ్యంలో కాల్షియం పది మిల్లీగ్రాముల లోపు, ఇనుము ఒక మిల్లీగ్రాము లోపు. మీరు మూడు పూటల్లో ఒక పూట అన్నాన్ని మార్చుకున్నా తేడా ఎంతో చూడండి. అయితే రాగిపిండిని నేరుగా నీళ్లలో కలిపి కాచి తాగితే ఉన్నదంతా ఒంటికి రాదు, అందులో ఖనిజాలను పట్టి ఉంచే ఫైటేట్లు అనే పదార్థాలు అడ్డుపడతాయి. మా అమ్మ చేసే పద్ధతి చెబుతాను. రాగులను రాళ్లు లేకుండా కడిగి, ఒక పగలంతా నానబెట్టి, నీళ్లు వంచి, తడి పంచెలో మూట కట్టి గిన్నెలో పెట్టి బరువు ఉంచుతుంది. మరునాటి సాయంత్రానికి మూట విప్పితే గింజ గింజకూ తెల్లటి సన్నని మొలక కనిపిస్తుంది, పచ్చి గడ్డి వాసన వస్తుంది. దాన్ని నీడలో ఆరబెట్టి, బాణలిలో తేమ పోయే దాకా వేయించి, మిల్లులో పట్టిస్తుంది. మొలకెత్తినప్పుడు ఫైటేట్లు తగ్గుతాయి. అంత ఓపిక లేని రోజున పిండిని రాత్రి నీళ్లలో కలిపి పులియబెట్టి పొద్దున అంబలి కాచుకున్నా అదే మేలు జరుగుతుంది. దించి చల్లార్చిన తరువాత మీగడ తీసిన మజ్జిగ, తరిగిన ఉల్లిపాయ కలుపుకుంటే ఎండాకాలం ఇంకేమీ అక్కరలేదు.

ఉలవల్లో వంద గ్రాములకు సుమారు 270 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, ఇనుమూ దండిగా ఉంది, కొవ్వు గ్రాము లోపే. కానీ మన వాళ్లు ఉలవలు ఉడికించిన నీళ్లతో చారు కాచుకుని, గింజలను పశువులకు పెడతారు. ఆ పైన చారులో వెన్నో మీగడో వేసుకుంటారు. ఖనిజాల్లో పెద్ద భాగం గింజలోనే ఉండిపోతుంది. మీరు రాత్రంతా నానబెట్టి, ఉప్పు తక్కువ వేసి కుక్కర్‌లో మెత్తగా ఉడికించి, గుగ్గిళ్లు చేసి పైన నిమ్మకాయ పిండండి. మీ అమ్మాయి బడి నుంచి రాగానే పెట్టడానికి ఇది చక్కటి తిండి. మొదట్లో కొందరికి కడుపు ఉబ్బరంగా ఉంటుంది కాబట్టి గుప్పెడుతో మొదలుపెట్టండి.

చేపలు మానేశామన్నారు, అది మాత్రం నాకు బాధగా అనిపించింది. వేటమాంసం తగ్గించమంటే చేపలు మానమని కాదు కదా. ఖరీదు పెట్టి కొరమేను కొనాల్సిన పని లేదు. దాని ముక్కలో కాల్షియం తక్కువ, ఎముకను మనం తినము. ముల్లుతో సహా నమిలి తినగలిగే చిన్న పరిగెలు, నెత్తళ్లు తెచ్చుకోండి. కాల్షియం ఆ మెత్తటి ముల్లులోనే ఉంటుంది. వేయించకుండా చింతపండు పులుసులో పెడితే నూనె కూడా పెద్దగా పట్టదు. ఎండు చేపలైతే ఉప్పు విపరీతంగా ఉంటుంది, మీ వారికి రక్తపోటు ఉంటే వాటి జోలికి పోవద్దు.

జవాబు 3: అట్లాంటిక్ తీరం

నేను న్యూజెర్సీలో ఉంటున్నాను. ఇక్కడి వాళ్ల కోసం రెండు విషయాలు జోడిస్తాను. ఇక్కడి డబ్బాల మీద ఉండే శాతాలు కాల్షియం రోజుకు 1300 మిల్లీగ్రాములు, ఇనుము 18 మిల్లీగ్రాములు అన్న లెక్కతో వేసినవి. ఇంటి దగ్గర స్త్రీకి 29 అంటున్నారు, ఇక్కడ 18 అంటున్నారు, ఏది నిజమని నేను చాలా రోజులు తికమకపడ్డాను. మన తిండిలో ఇనుము ఎక్కువగా ధాన్యాలు, పప్పులు, ఆకుల నుంచి వస్తుంది, దానిలో ఒంటపట్టే భాగం తక్కువ. అందుకే మన దేశంలో ఎక్కువ తినమని చెబుతారు. ఇక్కడ ఉంటూ మన వంటే తినేవాళ్లు 18తో సరిపెట్టుకోకూడదు.

రెండవది, పాలకు బదులు బాదం పాలు, ఓట్ పాలు తాగేవారు డబ్బా మీద కాల్షియం కలిపినట్లు రాసి ఉందో లేదో చూసుకోవాలి, తాగే ముందు బాగా కుదపాలి. కలిపిన కాల్షియం అడుగున పేరుకుపోతుంది. మా ఇంట్లో డబ్బా అయిపోయాక కోసి చూస్తే అడుగున సున్నంలా తెల్లటి పొర కనిపించింది. మేము అన్నాళ్లూ తాగింది పైపై నీళ్లేనని అప్పుడు తెలిసింది.

ప్రశ్న వేసినవారు: ఓరుగల్లు గృహిణి

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీ జవాబులు చదివిన తరువాత నేను మూడు పనులు చేశాను. డాక్టర్ గారిని కలిశాను. ఫెర్రిటిన్ బాగా తక్కువగా ఉందని ఇనుము మాత్రలు ఇచ్చారు, రక్తస్రావం గురించి స్త్రీల వైద్యురాలిని కలవమన్నారు. డికాషన్‌ను భోజనానికి దూరంగా, పదకొండు గంటలకు జరిపాను. మూడవదిగా, ఇంట్లోకి వచ్చే నూనెను నెలంతా రాసి పెట్టాను.

అప్పుడు ఒక విషయం తెలిసింది. నలుగురికీ నెలకు రెండు లీటర్ల నూనె వాడుతున్నాము. ఒక లీటరు ప్యాకెట్ అంటే 910 గ్రాములు. ఆ లెక్కన మనిషికి రోజుకు పదిహేను గ్రాములే పడుతోంది. ఇంత తక్కువ వాడుతూ నేను నువ్వులకు, పాలకు భయపడ్డాను. మరో వైపు మా వారు సాయంత్రం టీతో తినే మిక్చర్, అమ్మాయి తినే క్రీమ్ బిస్కెట్లు నా లెక్కలో ఎన్నడూ లేవు. మిక్చర్ ప్యాకెట్ తిప్పి చూస్తే వంద గ్రాములకు 36 గ్రాముల కొవ్వు అని ఉంది. నా కూరలో వేసిన పోపు కన్నా ఆ గుప్పెడు మిక్చర్‌లోనే ఎక్కువ ఉంది. దాన్ని ఆపేసి ఉలవ గుగ్గిళ్లు, వేయించిన శనగలు పెడుతున్నాను. డబుల్ టోన్డ్ పాలతో పెరుగు మళ్లీ మొదలుపెట్టాము. నా వరకు రోజుకు అర లీటరు పాలూ పెరుగూ కలిపి 600, యాభై గ్రాముల రాగిపిండితో 180, యాభై గ్రాముల మునగాకుతో 150, పెద్ద చెంచా నువ్వుల పొడితో 120 మిల్లీగ్రాములు, వెరసి 1050 కాల్షియం వస్తోంది. వీటన్నిటితో వచ్చే కొవ్వు పద్నాలుగు గ్రాములు దాటలేదు.

ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. అత్తయ్య గారు ఉదయం పరగడుపున థైరాయిడ్ మాత్ర, వెంటనే కాల్షియం మాత్ర వేసుకుంటున్నారు. నేను కూడా ఇనుము మాత్రను పాలతో వేసుకుంటున్నాను. ఇవి సరైనవేనా? ఖనిజాలు ఎక్కువ ఉంటాయని బంధువులు చెబితే ఇంట్లో మామూలు ఉప్పు తీసేసి సైంధవ లవణం వాడుతున్నాము. అది కొనసాగించవచ్చా?

జవాబు 4: పోషకాహార పాఠాలు

మీరు కాగితం మీద రాసి చూసుకున్నందుకు నాకు ఎంతో సంతోషంగా ఉంది అమ్మా. ఆ పదిహేను గ్రాములను ఇంకా తగ్గించకండి. పెద్దవారికి రోజుకు 20 నుంచి 30 గ్రాముల వంట నూనె వరకు ఫరవాలేదు, మీకు ఇంకా చోటు ఉంది.

మాత్రల విషయం వెంటనే సరిచేయండి. కాల్షియం, ఇనుము రెండూ థైరాయిడ్ మాత్రను ఒంటపట్టనివ్వవు. దానికీ వీటికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. అత్తయ్య గారు ఉదయం థైరాయిడ్ మాత్ర వేసుకుని, కాల్షియం మాత్రను మధ్యాహ్న భోజనంతో తీసుకోవచ్చు. కాల్షియం కార్బొనేట్ రకమైతే భోజనంతో వేసుకుంటేనే బాగా పనిచేస్తుంది, ఒక్కసారికి 500 మిల్లీగ్రాములు మించకపోవడం మంచిది. మీ ఇనుము మాత్రను పాలతో కాకుండా నిమ్మరసం కలిపిన నీళ్లతో తీసుకోండి, పాలు మరో పూటకు జరపండి. ఈ మార్పును అత్తయ్య గారి డాక్టర్ గారికి కూడా ఒక మాట చెప్పండి, ఎందుకంటే థైరాయిడ్ మాత్ర సరిగ్గా ఒంటపట్టడం మొదలైతే మోతాదు మార్చవలసి రావచ్చు.

సైంధవ లవణం మాత్రం ఆపేయండి. అందులో 98 శాతం దాకా మామూలు ఉప్పే. మిగిలిన రెండు శాతంలోని ఖనిజాలు, రోజుకు మనం మించకూడని ఐదు గ్రాముల ఉప్పులో చిటికెడు కూడా కావు. ఒక జామకాయ ముందు అవి నిలవవు. పైగా సాధారణంగా దానిలో అయోడిన్ కలపరు. మన దేశంలో ఉప్పుకు అయోడిన్ కలపడం మొదలుపెట్టింది గొంతువాపు జబ్బును (గాయిటర్) ఆపడానికి. పదిహేనేళ్ల ఆడపిల్ల ఉన్న ఇంట్లో అయోడిన్ ఉప్పును వదులుకోకూడదు. ఉప్పు ఎక్కువైతే మూత్రంతో కాల్షియం కూడా ఎక్కువగా పోతుంది కాబట్టి, మీ అత్తయ్య గారికి ఆవకాయ తినే అలవాటు ఉంటే, అందులోని నూనె కన్నా ఉప్పే పెద్ద సమస్య. రోజూ ముద్ద ముద్దకూ కాకుండా, వారానికి రెండు సార్లు, గోటి మీద నిలిచేంత పెట్టండి.

అమ్మాయికి ఆ వయసులో రోజుకు 30 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, అంటే మీకన్నా ఒక పిసరు ఎక్కువే. గుడ్డు మానిపించవలసిన అవసరం తనకు ఎప్పుడూ లేదు. రేపటి నుంచి ఉదయం ఒక గుడ్డు ఉడికించి పెట్టండి, దానితో పాటు ఒక జామకాయ ఇవ్వండి, బడికి వెళ్లే ముందు టీ ఇవ్వకండి. తన హిమోగ్లోబిన్ కూడా ఒకసారి చూపించండి. మీ రక్తం తగ్గిన ఇంట్లో తనది తగ్గలేదని అనుకోవడానికి లేదు.